కంఠం ఒకరిది, కత్తెర ఒకరిది: తొలి టాకీలలో పాల్ రోబ్సన్

సభకు నమస్కారం.

మరికొద్దిసేపట్లో ఈ తెర మీద మనం 1933లో విడుదలైన ‘ది ఎంపరర్ జోన్స్’ చిత్రాన్ని చూడబోతున్నాం. తొంభై ఏళ్లు దాటిన చిత్రం కనుక బొమ్మ మీద అక్కడక్కడా గీతలు కనిపిస్తాయి, మాట కొన్నిచోట్ల గరగరలాడుతుంది. వాటికి కళ్లూ చెవులూ అలవాటు పడటానికి ఎక్కువసేపు పట్టదు. కానీ ఈ చిత్రం నిండా ఒకే మనిషి కనిపిస్తాడు, ఒకే కంఠం వినిపిస్తుంది, అయినా ఆ మనిషి తన జాతి గురించి లోకానికి చెప్పదలచుకున్నది మాత్రం ఇందులో పూర్తిగా ఉండదు. ఎందుకు లేకుండా పోయిందో వివరించడమే ఈ ప్రసంగంలో నేను పెట్టుకున్న పని. ఆ మనిషి పేరు పాల్ రోబ్సన్.

ముందుగా టాకీ పుట్టిన నాటి సంగతి ఒకటి గుర్తు చేస్తాను. 1927 అక్టోబరులో అమెరికాలో ‘ది జాజ్ సింగర్’ విడుదలైంది. పాటతోనూ మాటతోనూ ప్రేక్షకులను ఉర్రూతలూగించిన తొలి కథాచిత్రంగా దాన్ని చెప్పుకుంటాం. అందులో కథానాయకుడు అల్ జోల్సన్ అనే తెల్లజాతి గాయకుడు, మొహానికి కాల్చిన బెండు మసి పూసుకుని, పెదవుల చుట్టూ తెల్లరంగు వేసుకుని, నల్లవాడి వేషంలో పాట పాడతాడు. అది అప్పటికే దాదాపు నూరేళ్లుగా అమెరికా రంగస్థలం మీద నడుస్తున్న అలవాటు. నల్లవారి పాట కావాలి, నల్లవారి లయ కావాలి, నల్ల మనిషి మాత్రం అక్కరలేదు. సినిమా మొట్టమొదట నోరు తెరిచింది మసి పూసిన ముఖంతోనేనన్న మాట మీరు మనసులో ఉంచుకోండి. ఎంపరర్ జోన్స్ దగ్గరకు వచ్చినప్పుడు ఆ మసి ఇంకొక రూపంలో మళ్లీ ఎదురవుతుంది.

1929లో ఫాక్స్ సంస్థ ‘హార్ట్స్ ఇన్ డిక్సీ’, ఎం.జి.ఎం. సంస్థ ‘హల్లెలూయా’ తీశాయి. రెండింటిలోనూ ప్రధాన పాత్రధారులందరూ నల్లవారే. హల్లెలూయాలో డేనియల్ హేన్స్ నాయకుడు, నీనా మే మెకినీ నాయిక. కింగ్ విడార్ దర్శకుడిగా శ్రద్ధతో తీసిన చిత్రం అది, అందులోని పాటలు ఈనాటికీ వినదగినవి. అయితే ఆ రెండు కథలూ పత్తి చేల మధ్య, చర్చి ప్రాంగణాల మధ్య, తెల్లవాడు దాదాపుగా కనిపించని ఒక ప్రత్యేక లోకంలో నడుస్తాయి. తెల్ల నటుడి పక్కన నిలబడి అతడి కంటే ముందు తన పేరు వేయించుకోవలసిన సందర్భం అక్కడ ఎవరికీ రాలేదు. ఆ సందర్భం ఎంపరర్ జోన్స్‌తో వచ్చింది. పేర్ల పట్టికలో ముందు పాల్ రోబ్సన్, ఆ తరువాతే డడ్లీ డిగ్స్ అనే తెల్లజాతి నటుడు. అమెరికా టాకీలలో ఇలా జరిగిన తొలి పెద్ద చిత్రం ఇదేనని సినిమా చరిత్రకారులు చెబుతారు.

ఈ రోబ్సన్ ఎవరు? 1898 ఏప్రిల్ 9న న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో పుట్టారు. తండ్రి విలియం డ్రూ రోబ్సన్ నార్త్ కరొలైనాలో బానిసగా పుట్టి, పదిహేనేళ్ల వయసులో తప్పించుకుని పారిపోయి, చదువుకుని, చర్చి పాస్టరు అయిన మనిషి. తల్లి పాల్‌కు ఆరేళ్లయినా నిండకముందే ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో కన్నుమూసింది. రట్గర్స్ కళాశాలలో ఆయన చేరేనాటికి అక్కడ నల్ల విద్యార్థి మరొకరు లేరు. ఫుట్‌బాల్ జట్టులో దేశంలోనే మేటి ఆటగాడిగా రెండేళ్లు వరుసగా ఎంపికయ్యారు, చదువులో కూడా మొదటి వరసలో నిలిచి 1919 పట్టప్రదాన సభలో విద్యార్థుల తరఫున ప్రసంగించారు. తరువాత కొలంబియాలో న్యాయశాస్త్రం చదివి ఒక న్యాయవాద కార్యాలయంలో చేరితే, అక్కడి తెల్ల స్టెనోగ్రాఫరు నల్లవాడు చెబితే రాసుకోనన్నది. ఆయన ఆ వృత్తిని అక్కడితో వదిలేశారు. భార్య ఎస్లాండా ప్రోత్సాహంతో నాటకరంగం వైపు తిరిగారు.

న్యూయార్క్‌లో ప్రావిన్స్‌టౌన్ ప్లేయర్స్ అనే చిన్న నాటక బృందం ఉండేది. యూజీన్ ఓనీల్ నాటకాలు అక్కడే రూపు దిద్దుకునేవి. 1924లో రోబ్సన్ ఆ వేదిక మీద ఓనీల్ నాటకాలు రెండింటిలో నటించారు. ఒకటి ఎంపరర్ జోన్స్, రెండవది ‘ఆల్ గాడ్స్ చిలన్ గాట్ వింగ్స్’. ఈ రెండవదానిలో నల్ల యువకుడిని పెళ్లాడిన తెల్ల యువతి భర్త చేతిని ముద్దు పెట్టుకునే ఘట్టం ఉంది. ప్రదర్శనకు ముందే పత్రికలలో గగ్గోలు పుట్టింది, బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. నగరాధికారులు నాటకాన్ని నేరుగా ఆపలేక, మొదటి రంగంలో నటించవలసిన నల్ల, తెల్ల పిల్లలకు అనుమతి నిరాకరించారు. అప్పుడు దర్శకుడు వేదిక మీదకు వచ్చి మొదటి రంగాన్ని ప్రేక్షకులకు చదివి వినిపించి, రెండవ రంగం నుంచి నాటకం నడిపించాడు. నాటకరంగంలో ఈ వెసులుబాటు ఉంటుంది. ఒకరు ఒక ముక్క కోసేస్తే, ప్రాణమున్న మనిషి అక్కడికక్కడే ఆ ముక్కను తన నోటితో పూరించగలడు. సినిమాలో అది సాధ్యం కాదు, కోసిన ముక్క కోసినట్టే పోతుంది.

రోబ్సన్ తొలి చిత్రం 1925 నాటి ‘బాడీ అండ్ సోల్’. దాని దర్శకుడు ఆస్కార్ మిషో, తానే కథ రాసి, తానే పెట్టుబడి సమకూర్చి, నల్ల ప్రేక్షకుల కోసం నల్ల నటులతో సినిమాలు తీసిన నల్లజాతి దర్శకుడు. అందులో రోబ్సన్ ద్విపాత్రాభినయం చేశారు. ఒకడు మోసగాడైన మతబోధకుడు, ఇంకొకడు అతడి మంచి సోదరుడు. న్యూయార్క్ సెన్సారు మండలి దానికి కూడా గట్టిగానే కత్తెర వేసింది. ఇంకొక సంగతి, అది మూకీ. ఒక నల్ల దర్శకుడి చేతి కింద రోబ్సన్ కథానాయకుడిగా చేసిన చిత్రంలో ఆయన కంఠమే లేదు. కంఠం వచ్చిన తరువాత చేసిన చిత్రాలలో పగ్గాలు పట్టిన నల్ల దర్శకుడు లేడు. ఆయన సినిమా జీవితం గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

ఆ కంఠం గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1925 ఏప్రిల్‌లో లారెన్స్ బ్రౌన్ పియానో సహకారంతో ఆయన న్యూయార్క్‌లో కచేరీ చేశారు. కార్యక్రమం మొత్తం నల్లవారి పాటలే, వాటిలో ఎక్కువభాగం బానిసత్వపు రోజుల్లో పుట్టిన, స్పిరిచువల్స్ అనే భక్తిగీతాలు. మంద్రస్థాయిలో ఆయన గొంతు పాటను నెట్టదు, మోస్తుంది. ఆ పాటలను ఆయన గారడీలతో అలంకరించలేదు, తన తండ్రి చర్చిలో విన్నట్టే పాడారు. 1928లో లండన్‌లో ‘షో బోట్’ సంగీత నాటకంలో పాడిన, మిసిసిపీ నది మీది పాట ‘ఓల్ మ్యాన్ రివర్’ ఆయనను ఇంగ్లండులో ఇంటింటి పేరుగా చేసింది. 1930లో అదే లండన్‌లో, షేక్‌స్పియర్ నాటకంలో, పెగీ ఆష్‌క్రాఫ్ట్ అనే తెల్ల నటి భార్య డెస్డిమోనాగా ఆయన ఒథెల్లో వేశారు. అమెరికాలో అప్పటికి అది ఊహకు అందని విషయం.

ఇక ఎంపరర్ జోన్స్. జాన్ క్రిమ్‌స్కీ, గిఫర్డ్ కాక్రన్ అనే ఇద్దరు యువకులు హాలీవుడ్ పెద్ద సంస్థలకు బయట ఉండి దీన్ని నిర్మించారు. దర్శకుడు డడ్లీ మర్ఫీ. చిత్రానువాదం డుబోస్ హేవార్డ్. ఓనీల్ నాటకం ఒక ద్వీపంలో, పతనానికి సిద్ధంగా ఉన్న చక్రవర్తి కొలువులో మొదలై, ఒక్క రాత్రి అడవిలో ముగుస్తుంది. హేవార్డ్ దాని ముందు కథ మొత్తం కల్పించాడు. బ్రూటస్ జోన్స్ అనే పల్లెటూరి యువకుడు పుల్‌మన్ రైలుపెట్టెలలో పోర్టరు ఉద్యోగం దొరికి, కొత్త యూనిఫాం వేసుకుని అద్దంలో చూసుకుని మురిసిపోవడంతో కథ మొదలవుతుంది. పెద్ద నగరం, పెద్దమనుషుల సంభాషణలు, జూదం, ఒక హత్య, ఆపై గొలుసులు కట్టి రాళ్లు కొట్టించే ఖైదీల ముఠా. అక్కడ నుంచి పారిపోయి, ఓడలో బొగ్గు వేసే పనివాడిగా చేరి, ఒక కరీబియన్ ద్వీపం తీరం చేరి, స్మిథర్స్ అనే తెల్ల వర్తకుడి చేతిలో పడి, చివరకు ఆ వర్తకుడినే తన కింద పనివాడిని చేసుకుంటాడు. తనను వెండి తూటా తప్ప ఏదీ చంపలేదని ప్రజలను నమ్మించి సింహాసనం ఎక్కుతాడు.

స్మిథర్స్‌తో జోన్స్ మాట్లాడే తీరును మీరు ప్రత్యేకంగా గమనించాలి. 1933 నాటి అమెరికాలో, దక్షిణ రాష్ట్రాలలో నల్లవారిని గుంపులు కొట్టి చంపుతున్న రోజుల్లో, ఒక నల్లవాడు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, తెల్లవాడిని నిలబెట్టి, సిగరెట్ వెలిగించమని సైగ చేస్తాడు. నాటకంలో ఆ అహంకారం మాటల్లో ఉంది. చిత్రంలో అది రోబ్సన్ భుజాల్లో, నడకలో, నవ్వులో ఉంది. పాత్ర మీద నాకు అభ్యంతరాలు లేకపోలేదు. తన జనాన్నే దోచుకుని, చివరకు అడవిలో డప్పుల మోతకు మతి చెదిరి పాకే నల్లవాడి కథను అప్పటి నల్ల పత్రికలు అనుమానంగా చూశాయంటే తప్పు పట్టలేం. సంభాషణలలో పదేపదే వినిపించే జాతి దూషణ మీద వచ్చిన నిరసన కూడా న్యాయమైనదే. అయినా ఆ నటన చూసిన నల్ల ప్రేక్షకుడు హాలు నుంచి బయటకు వచ్చేటప్పుడు తన వెన్ను కొంచెం నిటారు చేసుకుని నడిచి ఉంటాడని నేను గట్టిగా నమ్ముతాను.

చిత్రీకరణ న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలోని ఆస్టోరియా స్టూడియోలో జరిగింది. అడవిని కూడా స్టూడియోలోనే కట్టారు. దక్షిణ రాష్ట్రాలలోకి తనను చిత్రీకరణకు తీసుకుపోకూడదని రోబ్సన్ ఒప్పందంలో షరతు పెట్టారు. తాను నాయకుడైన చిత్రం కోసం వెళ్లి, అక్కడి హోటల్‌లో గది దొరకక, రైలులో వేరే పెట్టెలో కూర్చోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. షరతులు పెట్టగలిగిన నల్ల నటుడు ఉండటమే అప్పటికి కొత్త. కానీ ఆ షరతు ఆయన శరీరం ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించగలిగింది గాని, తీసిన బొమ్మ ఎక్కడికి వెళ్లాలో, ఎంత మిగలాలో నిర్ణయించలేకపోయింది.

ఆ బొమ్మకు రెండు అన్యాయాలు జరిగాయి. మొదటిది ఫ్రెడీ వాషింగ్టన్ విషయం. ఆమె నల్లజాతి నటి, కానీ ఛాయ చాలా తెలుపు. జోన్స్ ప్రేయసి పాత్రలో ఆమె రోబ్సన్‌తో సన్నిహితంగా నటించిన దృశ్యాలను చూసి, ప్రేక్షకులు ఆమెను తెల్ల స్త్రీ అనుకుంటారేమోనని హేస్ కార్యాలయం కంగారుపడింది. హేస్ కార్యాలయం అంటే అమెరికా నిర్మాతలు తమ మీద తామే పెట్టుకున్న నియంత్రణ సంస్థ. ఆ దృశ్యాలను మళ్లీ తీయవలసి వచ్చింది, ఫ్రెడీ వాషింగ్టన్ మొహానికి ముదురు రంగు పూయవలసి వచ్చింది. ఆరేళ్ల కిందట తెల్లవాడు నల్లవాడిగా కనిపించడానికి మసి పూసుకున్నాడు; ఇప్పుడు నల్ల స్త్రీకే, ఆమె నల్లదనం చాలలేదని, మసి పూశారు. జాతి అనేది చర్మంలో ఉందా, చూసేవాడి భయంలో ఉందా అని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క ఉదాహరణ చూపిస్తాను.

రెండవది రాళ్ల క్వారీ ఘట్టం. రోబ్సన్ అక్కడ ‘వాటర్ బాయ్’ పాడతారు. సుత్తి దెబ్బల మధ్య ఆ పాట వస్తుంటే, కష్టజీవుల పాట పని లోంచే ఎలా పుడుతుందో కళ్లకు కడుతుంది. ఆ తరువాత తోటి ఖైదీని హింసిస్తున్న తెల్ల కావలివాడి మీద జోన్స్ తిరగబడి అతడిని చంపి పారిపోవాలి. నల్లవాడు తెల్ల అధికారిని కొట్టి చంపడాన్ని తెర మీద చూపడానికి సెన్సారు ఒప్పుకోలేదు. ఆ దెబ్బను తీసేశారు.

1933, 1934 సంవత్సరాలలో రోబ్సన్ లండన్‌లో ఉంటూ ఆఫ్రికా భాషలు చదవడం మొదలుపెట్టారు, స్వాహిలీ నేర్చుకున్నారు. తన పాటలోని లయకు మూలం ఆఫ్రికాలో ఉందని ఆయనకు అర్థమవుతున్న కాలం అది. సరిగ్గా ఆ సమయంలో అలెగ్జాండర్ కోర్డా నిర్మాతగా, తమ్ముడు జోల్టన్ కోర్డా దర్శకుడిగా ‘సాండర్స్ ఆఫ్ ది రివర్’ తలపెట్టారు. జోల్టన్ ఆఫ్రికాలో నెలల తరబడి తిరిగి అక్కడి నృత్యాలు, పాటలు, వేడుకలు చిత్రీకరించి తెచ్చాడు. ఆ బొమ్మలు చూసి, ఆ పాటలు విని రోబ్సన్ పొంగిపోయారు. ఆఫ్రికాకు ఒక సంస్కృతి ఉందని లోకానికి చూపే చిత్రం ఇదేనని నమ్మి బొసాంబో పాత్ర ఒప్పుకున్నారు. ఇంగ్లండులో కట్టిన పల్లె సెట్టులో ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థులు, ఓడరేవు కూలీలు గ్రామస్థులుగా నటించారు. వారిలో ఒకరు జోమో కెన్యాటా. ముప్పై ఏళ్ల తరువాత స్వతంత్ర కెన్యాకు అధ్యక్షుడైన కెన్యాటాయే ఆయన.

చిత్రం పూర్తయి తెర మీదకు వచ్చేసరికి అది వేరే చిత్రం. కోట్లాది ఆఫ్రికా ప్రజలను కాపాడుతున్నది గుప్పెడు మంది తెల్ల అధికారులని, వారి ధైర్యాన్ని కొనియాడే మాటలతో మొదలవుతుంది. చిరుతపులి తోలు కట్టుకున్న బొసాంబో, సాండర్స్ దొర ముందు చేతులు కట్టుకుని నిలబడే నమ్మిన బంటు. దొర సెలవు మీద దేశం దాటితే చాలు, ఆఫ్రికా అంతా అల్లకల్లోలమవుతుంది. దొర తిరిగి వస్తే శాంతి నెలకొంటుంది. జోల్టన్ ప్రేమతో తీసుకువచ్చిన నృత్యాలు ఈ కథ మధ్యలో అలంకారాలుగా మిగిలాయి. రోబ్సన్ నోట పడవ పాటగా వినిపించేది సామ్రాజ్యానికి స్తోత్రం. ఆయన తీవ్రంగా మనసు నొచ్చుకున్నారు, తరువాతి కాలంలో ఆ చిత్రాన్ని తనది కాదన్నారు. నల్లజాతి ఉద్యమ నాయకుడు మార్కస్ గార్వే తన పత్రికలో రోబ్సన్‌ను సూటిగా విమర్శించాడు. ఆ విమర్శలో న్యాయం ఉంది. అయితే నేను రోబ్సన్‌ను మోసపోయిన అమాయకుడిగా చూడను. ఆయన నటించిన చిత్రం ఒకటి, ప్రేక్షకులు చూసిన చిత్రం ఒకటి. ఆ రెండింటి మధ్య కూర్పు గది ఉంది, ఆ గదిలోకి ఆయనకు ప్రవేశం లేదు.

ఈ పాఠం ఆయన త్వరగానే నేర్చుకున్నారు. 1936లో ‘సాంగ్ ఆఫ్ ఫ్రీడం’ ఒప్పుకున్నప్పుడు, చిత్రం తుది రూపానికి తన ఆమోదం ఉండాలన్న షరతును ఒప్పందంలో రాయించుకున్నారు. ఈనాడు పెద్ద పెద్ద తారలకు కూడా సులభంగా దక్కని హక్కు అది. ఆ చిత్రంలో ఆయన జాన్ జింగా అనే లండన్ రేవు కూలీ. అతడి గొంతు విన్న సంగీత నిర్వాహకుడు అతడిని గొప్ప గాయకుడిని చేస్తాడు. తాతల నాటి ఒక పాట, మెడలోని ఒక పతకం ఆధారంగా అతడు తన మూలాలు వెతుక్కుంటూ ఆఫ్రికా తీరంలోని ద్వీపానికి వెళతాడు. కథలో కాకతాళీయాలు ఎక్కువ, ఆఫ్రికా చిత్రణ ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. కానీ మొదటి సగంలో జింగా, అతడి భార్యగా ఎలిజబెత్ వెల్చ్, లండన్ కార్మికవాడలో ఇరుగుపొరుగు తెల్లవారితో కలిసి మామూలు సంసారం చేస్తుంటారు. బంటు కాదు, దొంగ కాదు, విదూషకుడు కాదు, భార్యను ప్రేమించే భర్త. ఈ మామూలుతనాన్ని తెర మీదకు తేవడానికి ఒక ఒప్పంద పత్రంలో ప్రత్యేకమైన షరతు కావలసి వచ్చింది.

అదే ఏడాది హాలీవుడ్‌లో జేమ్స్ వేల్ దర్శకత్వంలో షో బోట్ వచ్చింది. అందులో రోబ్సన్ నాయకుడు కాదు, కానీ ఓల్ మ్యాన్ రివర్ పాట చిత్రీకరణ కోసం చాలామంది ఆ చిత్రాన్ని చూస్తారు. రేవు ఒడ్డున కూర్చున్న ఆయన చుట్టూ కెమెరా తిరుగుతుంది, నడుమ నడుమ బరువు మోసే శరీరం, జైలు ఊచలు కనిపిస్తాయి. పాటలో నల్లవాడు బతుకు మీద విసిగిపోయినవాడు, చావుకు భయపడేవాడు. చిత్రంలో ఆయన రాసి ఇచ్చినట్టే పాడారు. కచేరీలలో మాత్రం 1930ల చివరి నుంచి మాట మార్చారు. ఏడుపుకు బదులు నవ్వు, విసుగుకు బదులు చచ్చేదాకా పోరాటం. అంతకుముందే పాటలోని అవమానకరమైన పదాన్ని తీసేశారు. కచేరీ వేదిక మీద కత్తెర ఆయన చేతిలోనే ఉండేది. చిత్రంలోని పాట, వేదిక మీది పాట పక్కపక్కన పెట్టుకుని వింటే, నేను ఇంతసేపూ చెబుతున్నది మీకే తెలిసిపోతుంది.

1937లో వచ్చిన ‘బిగ్ ఫెల్లా’, ‘కింగ్ సాలమన్స్ మైన్స్’, ‘జెరికో’ చిత్రాల గురించి ఇప్పుడు ఆగి మాట్లాడను. వాటిలో ఆయన హుందాతనం ఉంది, కథలు ఆయన ఎత్తుకు చాలవు. నేను ఆగవలసింది ‘ది ప్రౌడ్ వ్యాలీ’ దగ్గర.

వేల్స్ బొగ్గుగని కార్మికులతో రోబ్సన్ అనుబంధం 1920ల చివరలో మొదలైంది. పని కోల్పోయి లండన్ వీధులలో పాడుతూ నడుస్తున్న గని కార్మికుల ఊరేగింపును చూసి ఆయన వారితో కలిసి నడిచారు, వారితో కలిసి పాడారు. 1934 సెప్టెంబరులో గ్రెస్‌ఫర్డ్ గని పేలుడులో 266 మంది చనిపోయినప్పుడు, ఉత్తర వేల్స్‌లో చేసిన కచేరీ పారితోషికాన్ని బాధితుల నిధికి ఇచ్చారు. 1937 జూన్‌లో లండన్ ఆల్బర్ట్ హాలులో స్పెయిన్ శరణార్థి బాలల సహాయార్థం జరిగిన సభలో, కళాకారుడు స్వేచ్ఛ పక్షమో దాస్యం పక్షమో ఎంచుకోక తప్పదని, తాను ఎంచుకున్నానని ప్రకటించారు. ఈ మూడింటి ఫలితమే ఈ చిత్రం. ఈలింగ్ స్టూడియో నిర్మించగా, పెన్ టెన్నిసన్ అనే యువ దర్శకుడు కొంత భాగం వేల్స్ గని ఊళ్లలోనే చిత్రీకరించాడు.

రోబ్సన్ పాత్ర పేరు డేవిడ్ గొలయత్. ఓడలో బొగ్గు వేసిన పనివాడు, పని వెతుక్కుంటూ వేల్స్ లోయలోకి వస్తాడు. కిటికీ కింద వీధిలో అతడు గొంతు కలిపితే, లోపల సాధన చేయిస్తున్న గాయకబృందం నాయకుడు ఆ మంద్రస్వరం ఎవరిదా అని వెతుక్కుంటూ బయటికి వస్తాడు. బృందానికి ఆ గొంతు కావాలి, కాబట్టి గనిలో పని ఇప్పిస్తాడు. నల్లవాడితో కలిసి పనిచేయబోమని కొందరు గొణిగితే, గనిలోకి దిగాక మనమందరం నల్లవాళ్లమే కదా అని ఒకడు విరుచుకుపడతాడు. బొగ్గు మసి! నేను మొదట చెప్పిన మసి ఇదిగో, ఇక్కడికి చేరింది. జోల్సన్ మొహం మీద అది వేషం, ఫ్రెడీ వాషింగ్టన్ మొహం మీద అది శిక్ష, ఇక్కడ అది చెమటతో కలిసిన పని.

ఈ చిత్రం పట్ల నాకున్న ప్రేమ దాని లోపాన్ని దాచనివ్వదు. చివర గని కూలి లోపల చిక్కుకున్నప్పుడు, పెళ్లి కావలసిన తెల్ల యువకుడిని బతికించడానికి డేవిడ్ తన ప్రాణం ఇస్తాడు. నల్ల నాయకుడికి ఇల్లు లేదు, భార్య లేదు, మరణం ఉంది. పైగా ముగింపు మొదట అనుకున్నది కాదు. మూసేసిన గనిని కార్మికులే స్వాధీనం చేసుకుని నడుపుకోవడం అసలు ఆలోచన. 1939 సెప్టెంబరులో యుద్ధం రావడంతో, దేశం కోసం బొగ్గు తవ్వే ముగింపుగా అది మారింది. అయినా తన చిత్రాలలో తాను గర్వపడేది దీని గురించేనని రోబ్సన్ అనేవారు. 1940 ఫిబ్రవరిలో థియేటర్లకు రాకముందే దీన్ని కుదించి బి.బి.సి. రేడియోలో వినిపించారు. బొమ్మ కంటే ముందు గొంతు జనంలోకి వెళ్లింది.

1942లో హాలీవుడ్‌లో ‘టేల్స్ ఆఫ్ మాన్‌హట్టన్’ ఆయన చివరి కథాచిత్రం. ఒక కోటు చేతులు మారుతూ పోయే కథల వరుసలో, ఆఖరిది నల్ల కౌలు రైతుల కథ. ఆకాశం నుంచి పడ్డ డబ్బును చూసి దేవుడు పంపాడనుకుని పాటలు పాడే అమాయకులుగా వారిని చూపించారు. రోబ్సన్ మార్పులు చేయించగలనని అనుకున్నారు, చేయించలేకపోయారు. నిరసనకారులు థియేటర్ ముందు నిలబడితే తానూ వారి పక్కన నిలబడతానని, ఇక హాలీవుడ్‌లో నటించనని బహిరంగంగా చెప్పారు. మాట మీద నిలబడ్డారు. అప్పటికి ఆయన వయసు 44. మరుసటి ఏడాది బ్రాడ్‌వేలో ఒథెల్లోగా 296 ప్రదర్శనలు ఇచ్చారు. షేక్‌స్పియర్ నాటకానికి బ్రాడ్‌వేలో అది రికార్డు. ఆ ఒథెల్లోను ఎవరూ చిత్రంగా తీయలేదు. గ్రామఫోను రికార్డులుగా గొంతు మాత్రమే మిగిలింది.

తరువాతి కథ మీలో చాలామందికి తెలుసు. ఆయన వామపక్ష రాజకీయాల కారణంగా 1949లో న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ దగ్గర ఆయన కచేరీల మీద దాడులు జరిగాయి. 1950లో ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టు రద్దు చేసింది. దేశంలో కచేరీ హాళ్లు తలుపులు మూశాయి, రికార్డులు దుకాణాల నుంచి మాయమయ్యాయి. మనదేశానికి సంబంధించిన సంగతి ఇక్కడ చెప్పాలి. 1938లో లండన్‌లో నెహ్రూకు స్వాగతం పలికిన సభలో రోబ్సన్ పాల్గొన్నారు. ఇరవై ఏళ్ల తరువాత, 1958 ఏప్రిల్‌లో, రోబ్సన్ ఇంకా పాస్‌పోర్టు లేకుండా సొంత దేశంలోనే బందీగా ఉన్నప్పుడు, ఆయన అరవయ్యవ జన్మదినాన్ని భారతదేశంలో సంఘం పెట్టి జరిపారు. దానికి అధ్యక్షుడు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా. మానవ గౌరవం కోసం కష్టాలకు ఓర్చిన కళాకారుడని నెహ్రూ సందేశం ఇచ్చారు. దాన్ని ఆపించడానికి అమెరికా అధికారులు చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. ఆ జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో పాస్‌పోర్టు తిరిగి వచ్చింది. కొలంబియాలో చదువుకుంటూ రోబ్సన్ గానం విన్న అస్సామీ గాయకుడు భూపేన్ హజారికా, మిసిసిపీ పాటను బ్రహ్మపుత్ర ఒడ్డుకు తెచ్చిన సంగతి, హిందీలో ‘గంగా’ అని వినిపించే ఆ పాట ద్వారా మనవారికి కూడా తెలుసు.

దానికి ముందు ఏడాది, 1957 అక్టోబరులో, వేల్స్‌లోని పోర్త్‌కాల్‌లో గని కార్మికుల సంగీతోత్సవానికి ఆయనను పిలిచారు. వెళ్లడానికి వీలు లేదు. అట్లాంటిక్ సముద్రం అడుగున కొత్తగా వేసిన టెలిఫోన్ తీగ ద్వారా న్యూయార్క్ నుంచి ఆయన పాడారు, హాలులో వేలమంది విన్నారు, ఆ తరువాత వేల్స్ గాయకబృందం ఇటు నుంచి ఆయనకు పాడి వినిపించింది. కత్తెర వేయడానికి అక్కడ బొమ్మ లేదు.

ఇప్పుడు దీపాలు ఆర్పుతారు. చూడవలసిన చోట్లు చెప్పి ముగిస్తాను. చిత్రం ఆఫ్రికా డప్పుల నాట్యంతో మొదలై, అదే వలయం అమెరికా చర్చిలో భక్తుల వలయంగా కరిగిపోతుంది, ఆ రెండు లయలనూ కలిపి వినండి. అద్దాలు ఎన్నిసార్లు వస్తాయో లెక్కపెట్టండి. ఫ్రెడీ వాషింగ్టన్ వచ్చినప్పుడు ఆమె మొహం మీది రంగును చూడండి. క్వారీ ఘట్టంలో కావలివాడు అరుస్తాడు, జోన్స్ చేతిలో పనిముట్టు ఉంటుంది, ఆ వెంటనే అతడు పరుగెత్తుతుంటాడు. మధ్యలో బొమ్మ ఒక్కసారి ఎగిరి దూకినట్టు అనిపిస్తుంది. అది మన ప్రొజెక్టరు లోపం కాదు. ఆ దెబ్బ అక్కడ ఉండేది.